ఘటోత్కచుడి పందుంపుల్ల

పుదుచ్చేరి మూలకుళంలో సుబ్బరాయలు ఇంటి ముందు మనిషంత పొడవున్న రాయి ఒకటి పడుకుని ఉంటుంది. ఘటోత్కచుడు నమిలి పారేసిన పందుంపుల్ల అది అని ఆయన ఏనాడో తేల్చేశాడు. సందులో ఒక్కరూ నమ్మలేదు. అయినా పొద్దువాలితే అందరూ ఆ రాయి మీదే చేరి, ఆ నమిలిన చప్పుడుకు శెంజి కొండలు ఎలా బీటలువారాయో మళ్లీ మళ్లీ చెప్పించుకునేవారు. ఆ చేరేవాళ్లే ఆయనకు ప్రాణం.

అందుకే వృక్షశాస్త్రం చదివే మనవరాలు కీర్తిక రాయి అంచున పలచటి బిళ్ల కోయించుకుపోయిన నాటి నుంచి ఆయనకు అన్నం సయించలేదు. అసలు సంగతి బయటపడితే ఇంకెవరొస్తారు?

ఒకరోజు కీర్తిక ఆయన్ను కాలేజీకి తీసుకుపోయి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

"ఏందిమే ఇది, తేనెపట్టు మాదిరుండాది?"

"మాను తాతా! కోట్ల ఏండ్ల కిందట రాయైపోయింది. పూలుపూసే చెట్లకైతే ఈ గళ్ల నడాన పెద్ద బొక్కలుంటాయి. దీనికి లేవు. పూలెరగని జాతి. దీని చుట్టాలు మన పడమటి కొండల్లో కొంచెం, తక్కినవి చానావరకు ఆస్ట్రేలియా పక్క."

"అంత సముద్రం ఎట్ల దాటినాయి?"

"దాటలా. దీని ముత్తాతల నాడు ఆ నేలా మన నేలా ఒకటే. ఇప్పుడు మంచు గడ్డకట్టిన దక్షిణ ధ్రువం కాడ గూడా అప్పుడు అడవే."

సుబ్బరాయలు కన్ను తీయలేదు. బారులు తీరిన ఆ గళ్లు మెల్లగా ఊగాయి. పూలవాసన ఎరగని పచ్చటి చీకటి కమ్ముకుంది. కాళ్ల కింద నేల తెరచాప ఎత్తినట్టు కదిలి, అడవిని వీపున మోసుకుంటూ, తొందరేమీ లేకుండా ఉత్తరానికి బయలుదేరింది.

ఆ సాయంత్రం ఎదురింటి వేదవల్లి, "ఎత్తుకో అన్నా, పుల్ల కత!" అంది.

ఎత్తుకుందామనే నోరు తెరిచాడు. వేరే మాట వచ్చింది. "పుల్ల కాదమ్మా. నేల పడవ మాదిరి పోతావుంటే దాని మీద నిలబడి వచ్చిన అడవి ఇది."

"ఇది అన్నిటికన్నా పెద్ద కోత!" పక్కింటి కాళియప్పన్ పగలబడి నవ్వాడు.

"వానొస్తే ఆ అడవి ఎట్ల మోగేదన్నా?" వేదవల్లి అడిగింది.

నిన్నటి సుబ్బరాయలైతే నోటితోనే వాన కురిపించేవాడు.

"తెలీదమ్మా," అన్నాడు.

ఇక లేచిపోతారని తలవంచుకుని చెప్పుల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ లేవలేదు. కాళియప్పన్ మాత్రం రాయి మీంచి కిందికి జారి, నవ్వు మానేసి, దానికి చెవి ఆనించాడు.