గళ్ళ లెక్క

"ఈ తూరీ లెక్కల్లో తప్పితే బడి మానిపిస్తా. మగ్గం కాడ పనుంది," అని నాగలింగం బడికొచ్చి మరీ చెప్పి వెళ్ళాడు.

నాలుగో తరగతి చదివే అతని కూతురు పొన్నికి ఎక్కాలు రాక కాదు. పాటలా అప్పజెప్పేది. మధ్యలో ఆపి "ఏడార్లు?" అంటే మాత్రం కళ్ళు మూసుకుని, ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టేది. పరీక్షలో అంత వ్యవధి ఎక్కడిది?

ఒక శనివారం మధ్యాహ్నం కాంచన టీచరు తిరుత్తణి నేతగాళ్ళ వీధికి వెళ్ళింది. నాగలింగం మగ్గం గుంటలో ఉన్నాడు. మేకుకు తగిలించిన ట్రాన్సిస్టరులో అరవ పాట వస్తోంది. అతని భార్య చెంగమ్మ రాట్నం మీద కండెలు చుడుతోంది.

నేసిన లుంగీ ఒకటి తీసుకుని, ఒక్క వరస గళ్ళే కనబడేట్టు మడతపెట్టి పొన్ని ముందు పట్టింది కాంచన.

"ఎన్ని?"

"ఏడు."

ఒక మడత విప్పింది. "ఇప్పుడు?"

"పద్నాలుగు."

"లుంగీ నేసేవాళ్ళింట్లో పుట్టి, గళ్ళు ఎంచేదానికి టీచరమ్మ రావాల్సొచ్చె!" అన్నాడు నాగలింగం గుంటలోంచి.

"నువ్వు నేసేది చూడు. పోగు తెగిందాడ," అంది చెంగమ్మ.

నాలుగు మడతలు విప్పాక కాంచన ఆపి, లుంగీని చీర కొంగు కింద దాచింది. "ఇంకొక్క మడత విప్పితే?"

పొన్ని కొంగు వైపే చూసింది. పెదవులు కదల్లేదు. "నలభై రెండు," అంది. వెంటనే తనే బెదిరినట్టు, "పాడకుండానే వచ్చేసినాది టీచర్!" అంది.

పొన్ని పరీక్షలో తప్పలేదు.

సెలవుల తర్వాత నాగలింగానికి కొత్త రకం గళ్ళు నేసే పని వచ్చింది. కొత్త రకం వస్తే ఏ రంగు పోగులు ఎన్ని కావాలో పక్క వీధి ముసలి పచ్చయ్యప్ప చెప్పాలి. ఆయన పది మాటలని గానీ చెప్పడు. అక్కడికి పోవడానికి నాగలింగం చొక్కా తొడుక్కుంటుంటే, కండె చుడుతున్న పొన్ని అంది:

"చారకు నల్లపోగులు పన్నెండు. చారలు ముప్పై ఆరు. నాలుగునూర్ల ముప్పైరెండు, నాయనా."

నాగలింగం నేల మీద గీతలు గీసి ఎంచుకున్నాడు. చాలాసేపు పట్టింది. తర్వాత చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

సోమవారం పొన్ని బడికి రాలేదు. మర్నాడూ రాలేదు. కాంచన వెళ్ళేసరికి వీధి పొడుగునా పడుగు, మగ్గానికెక్కించే నిలువు పోగులు, చాచి ఉంది. పొన్ని వంగి రంగులు ఎంచుతోంది.

"తప్పితేనే కదన్నా మానిపిస్తానన్నారు?" అంది కాంచన.

"తప్పితే మానిపిస్తానంటి. తప్పలేదు కదా! అంతా వచ్చేసె. నీ పుణ్యాన ఆ ముసిలాయన గడప తొక్కే పని తప్పింది. ఇంకేముంది నేర్చుకునేదానికి?"

"భాగహారం ఉంది."

నాగలింగం నవ్వాడు. "పంచుకునేదానికి మా ఇంట్లో ఏముంది టీచరమ్మా?"

చెంగమ్మ నవ్వలేదు. రాట్నం ఆపి కూతురి వైపు చూసి, మళ్ళీ తిప్పింది.

"పొన్నీ," అని పిలిచింది కాంచన.

పిల్ల తలెత్తలేదు. ఆగమన్నట్టు ఒక చెయ్యి పైకెత్తింది. రెండో చెయ్యి పోగుల మీదే ఉంది. లెక్క తప్పితే మళ్ళీ మొదటి పోగు నుంచి ఎంచాలి.

కాంచన ఆగింది. పడుగు వీధి చివరిదాకా ఉంది.