హక్కాకు నాలుగు నొక్కండి

సూచిన్ హెడ్‌ఫోను చెవి దిండ్లను స్పిరిట్ దూదితో తుడుస్తోంది. ముందు ఎడమది, తర్వాత కుడిది, ఆ తర్వాత నోటి దగ్గరికి వంగి వచ్చే సన్నటి మైకు. తుడవాల్సినంత మురికేమీ లేదు. దాన్ని ఆమె తప్ప ఇంకెవరూ పెట్టుకోరు. అయినా తొమ్మిదయ్యేలోపు ఆ పని అయిపోవాలి. అల్లంనీళ్ళ ఫ్లాస్కు కుడిచేతి పక్కకు చేరాలి. మోకాళ్ళ మీద ఊలు శాలువా పరుచుకోవాలి. అప్పుడుగాని ఆమెకు రోజు మొదలైనట్టుండదు.

మియావొలి పట్టణంలో గ్యాస్ గీజర్లు తయారుచేసే కంపెనీ అది. ఫోన్ల గదిలో ఏడు కుర్చీలు. ఎవరు ఫోన్ చేసినా ముందు మిషన్ మాట్లాడుతుంది. మాండరిన్‌కు ఒకటి నొక్కండి, తైవానీకి రెండు, ఇంగ్లిషుకు మూడు, హక్కాకు నాలుగు. హక్కా చుట్టుపక్కల కొండవార ఊళ్ళ పాత భాష. నాలుగు నొక్కితే మోగేది సూచిన్ ఫోను ఒక్కటే. రోజుకు రెండుసార్లో మూడుసార్లో మోగుతుంది. చాలాసార్లు నొక్కేది మనవలు, మాట్లాడేది తాతలు.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. చెవుల పైన జుట్టు ఎప్పుడూ అణిగిపోయి ఉంటుంది. హెడ్‌ఫోను తీసేసి బస్సులో కూర్చున్నా ఇంకా పెట్టుకున్నట్టే కనిపిస్తుంది.

పక్క కుర్చీలో అహ్వే మూతి తిప్పింది. "మాండరిన్‌లో నాలుగు అంటేనే చావు అన్నట్టు వినపడుతుంది కదక్కా. అది ఎవరు నొక్కుతారు చెప్పు? నిన్ను ఐదులో కూర్చోబెట్టాల్సింది."

"ఐదులో కూర్చుంటే నీ సోది వినేదెవరు?"

అహ్వే పకపకా నవ్వి తన ఫోను అందుకుంది.

పదింటికి మేనేజరు లాయ్ వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. పెద్దవాళ్ళ ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి. కాగితం ఒకటి బల్ల మీద పెట్టాడు.

"సూచిన్ అక్కా, వచ్చే నెల నుంచి అంతా యాప్‌లోనే కదా. హక్కా లైను ఉంచాలా తీసెయ్యాలా అని పైవాళ్ళు అడుగుతున్నారు. మిషన్ మాట్లాడుతుండగానే పెట్టేసిన కాల్స్ ఈ వారంలో ఎన్నో రాసివ్వు. వినక్కర్లేదు, అంకె చాలు."

"లైను తీసేస్తే?"

"నీకు వేరే కుర్చీ చూస్తాలే." అతను కిటికీ వైపు చూశాడు. "రోజుకు మూడు కాల్సక్కా. ఆ భాషవాళ్ళు మన గీజర్లు కొనడం లేదు, అంతే."

సూచిన్ తలూపింది. కంపెనీలో ఆమెకు బాగా అలవాటైన పని అదే.

వినక్కర్లేదని చెప్పినా ఆమె వినసాగింది. చెవుల మీద ఊరికే బరువు మోయడం చేతకాదామెకు. మొదటి మోత నుంచే రికార్డవుతాయి ఆ కాల్స్. ఒకదాంట్లో దగ్గు, ఒకదాంట్లో టీవీ, ఒకదాంట్లో కుక్క అరుపు. అన్నిట్లోనూ వాటి పైన ఒకటే ఆడగొంతు, తేనె పూసినట్టు: నమస్కారం, మాకు ఫోన్ చేసినందుకు సంతోషం.

ఆ గొంతు సూచిన్‌దే.

ఇరవై రెండేళ్ళ కింద రికార్డు చేశారు. బడిలో హక్కా మాట్లాడినందుకు మెడలో పలక కట్టించుకున్న పిల్ల ఆమె. మూడో తరగతిలో మూడు రోజులు ఆ పలకతోనే తిరిగింది. నాలుగో తరగతికి వచ్చేసరికి ఆమె మాండరిన్‌లో ఊరి యాస వెతికినా దొరకలేదు. ఆ శుభ్రమైన పలుకు కోసమే కంపెనీ ఆమెను ఎంచుకుంది. "ఒకే గొంతు, ఒకే తీరు," అన్నాడు అప్పటి మేనేజరు. ఆమె అన్నీ మాండరిన్‌లోనే చదివింది. హక్కాకు నాలుగు నొక్కండి అన్న మాట కూడా. మాండరిన్ రానివాళ్ళకే కదా ఆ మాట కావలసింది. నోట్లోంచి వస్తుండగానే ఆ సంగతి ఆమెకు తట్టింది. అద్దం అవతల మేనేజరు బాగుందన్నట్టు బొటనవేలు చూపించాడు. ఆమె తలూపింది.

సోమవారం నాటి కాల్ ఒకటి తెరిచింది. గొంతు హక్కాలో, బాగా ముసలిది.

"అమ్మడూ, నేను మాన్‌మెయ్‌ని. మీ గీజరు ఉంది కదా పెరటి వసారాలో, దానికి చలిగాలి కొడతా ఉందని వడ్రంగిని పిలిపించి చుట్టూ అద్దాలు బిగించుకున్నా. అప్పట్నుంచీ నీళ్ళు పోసుకుంటే తల తిరుగుతా ఉందే. ఎవరినన్నా పంపుతావా?"

తేనె గొంతు అంది: మీరు ఏ అంకెనూ నొక్కలేదు. దయచేసి మళ్ళీ వినండి.

"ఏమో అంటా ఉన్నావు, నాకు తెలీడం లేదు. సరే. అన్నం తిన్నావా నువ్వు?"

మళ్ళీ వినండి, అంది గొంతు.

సూచిన్ ఫ్లాస్కు మూత తీయబోయి ఆగింది. గాలి ఆడనిచోట గీజరు వెలిగిస్తే విషవాయువు కమ్ముకుంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ప్రతి చలికాలం కంపెనీ చెప్పే మొదటి పాఠం అది.

అదే నంబరు బుధవారం కూడా ఉంది. "తల తిరగడం ఎక్కువైంది అమ్మడూ. పెద్దావిడతో మాట్లాడాలి, పిలువు." నిన్న సాయంత్రం నాలుగూ నలభైకి ఇంకోసారి. ఆ కాల్‌లో ముసలావిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఊపిరి మాత్రం వినపడింది. సూచిన్ గొంతు ఆవిడకు ఒకటి నుంచి నాలుగు దాకా అన్నీ రెండుసార్లు చెప్పింది. చివర్లో ఆవిడ, "నీ పని నువ్వు చూసుకో తల్లీ," అని పెట్టేసింది.

సూచిన్ ఆ నంబరుకు ఫోన్ చేసింది. మోగింది. ఎవరూ ఎత్తలేదు. ఇంకో రెండుసార్లు చేసి, హెడ్‌ఫోను మెడలోకి జార్చుకుని లాయ్ గదిలోకి వెళ్ళింది. తలుపు తట్టలేదు.

"మనిషిని పంపాలి. ఇప్పుడే."

"రేపు పొద్దున పంపుదామక్కా, ఇవాళ అందరూ..."

ఆమె అతని కంప్యూటర్లోనే రికార్డు వినిపించింది. లాయ్ తల వంచి విన్నాడు. వాళ్ళ నాయనమ్మ మాట్లాడిన భాషే అది. అతనిదాకా రాలేదు.

"ఏమంటోంది?"

"తల తిరుగుతోందంటోంది. గీజరు చుట్టూ అద్దాలు బిగించుకుందట." సూచిన్ ఆగింది. "నువ్వు అన్నం తిన్నావా అని అడుగుతోంది."

లాయ్ గీజర్లు బాగుచేసే చుంగ్‌కు ఫోన్ చేశాడు. ఆ నంబరును బట్టి కంపెనీ చిట్టాలో దొరికిన చిరునామా గొంగ్‌గువాన్ పైన కొండవార ఊరు. పనివేళలో సూచిన్ కుర్చీ వదిలి బయటికి వెళ్ళడం అదే మొదటిసారి.

వ్యాన్లో దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉంది. ఎర్ర రేగు తోటలు ఆకు రాల్చి ముళ్ళతో నిలబడ్డాయి. చుంగ్ ఒకసారి పక్కకు చూసి, "స్నేహితురాలి ఇంటికి పోయి ఉంటుందిలే వదినా," అన్నాడు. నమ్మి అన్నట్టు లేదు.

ఇంటి తలుపు తీసే ఉంది. వాకిట్లో పక్కింటావిడ కుళాయి కింద ఆవకూర కడుగుతోంది. చలికి చేతులు ఎర్రబడి ఉన్నాయి. వ్యాను మీద కంపెనీ పేరు చూసి కూర వదిలేసి నిలబడింది.

"ఇప్పుడొచ్చారా?"

చుంగ్ పనిముట్ల సంచి కింద పెట్టాడు.

"నిన్న చీకటి పడకముందే స్నానానికి పోయినట్టుంది. పొద్దున నేను గంజి తీసుకొచ్చి చూస్తే నీళ్ళు పోతానే ఉన్నాయి, మనిషి ఎప్పుడో పోయింది. ఇందాకే ఆస్పత్రికి మోసుకుపోయారు. మొహం మాత్రం నిద్రపోయినట్టే ఉందమ్మా. ఎర్రగా, పడుచుపిల్ల మాదిరి." తడిచేతులు ఎప్రన్‌కు తుడుచుకుంది. "మీకు ఫోన్ చేశానని చెప్పింది. ఎవరో అమ్మాయి ఎత్తుతుంది, గొంతు బంగారం, పాపం మన మాట రాదు ఆ పిల్లకు, అని జాలిపడేది."

"వచ్చు," అంది సూచిన్ హక్కాలో.

పక్కింటావిడ అర్థంకాక చూసింది.

చుంగ్ పెరటివైపు వెళ్ళాడు. అద్దాలు ఒక్కొక్కటిగా జరుపుతున్న కిరకిర ఇంట్లోకి వినపడింది. సూచిన్ హాల్లో ఫోను బల్ల దగ్గర నిలబడిపోయింది. బల్ల పైన గోడకు పాత క్యాలెండరు కాగితం, వెనకవైపు తిప్పి అంటించారు.

"ఆవిడకు అక్షరాలు రావు, అంకెలు పోల్చుకునేది," అంది గుమ్మంలోంచి పక్కింటావిడ. "నేనే గీసిచ్చాను."

కాగితం మీద చేప బొమ్మ, దాని పక్కన చేపలమ్మి నంబరు. మాత్ర బొమ్మ, దాని పక్కన డాక్టరు నంబరు. అన్నిటికంటే కింద నీలం పెన్సిలుతో చిన్న మంట. దాని పక్కనున్న అంకెలు మాత్రం, ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూసుకుంటూ నొక్కీ నొక్కీ, సగం చెరిగిపోయి ఉన్నాయి.