తెలుసంటే కదలని లిఫ్టు

పొద్దున తొమ్మిదింటికి ఆ కుట్టుపని కంపెనీలో అందరూ నోరు మూసుకునే లిఫ్టెక్కేవాళ్లు. తెలియని సంగతిని తెలుసని ఎవరన్నా అన్నారా, అది ఎక్కడిదక్కడ ఆగిపోయేది. మోటారు మార్చినా అంతే. ఇరవై ఏళ్లలో అందరికీ అలవాటైపోయింది. తొందరున్నవాళ్లు మెట్లెక్కేవాళ్లు.

కటింగ్ మాస్టారికి మోకాళ్ల నొప్పి. పైగా ఆరోజు ఒళ్లుమండే కోపం. కొత్త కోటు కత్తిరించే కాగితం నమూనా మాయమైంది. కాజాలు కుట్టే ఆవిణ్ణి, అందరూ కాజాల అక్క అనే మనిషిని, వెంటబెట్టుకుని అయిదో అంతస్తులో ఓనరు దగ్గరికి బయల్దేరాడు. చేతిలో ఆమెని పనిలోంచి తీసేసే ఉత్తరం. దాని మీద సంతకం పడితే ఆ వీధిలో ఇంకెవరూ ఆమెకి పనివ్వరు.

"ఈవిడే తీసి పక్క కంపెనీకి ఇచ్చింది, నాకు తెలుసు," అన్నాడు. రెండో అంతస్తు దాటగానే లిఫ్టు ఆగింది.

లిఫ్టు నడిపే తాత స్టూలు మీంచి లేవనైనా లేవలేదు. "చూశావా బాబూ?"

"చూడాలా? నిన్న ఆ కంపెనీ మనిషితో నవ్వుతూ మాట్లాడింది."

"నవ్వితే ఇచ్చేసినట్టేనా?"

"అందరి సంచులూ వెతికాం తాతా. ఈవిడ మొహం చూడు, ఎలా పాలిపోయిందో!"

"దొంగవంటే నా మొహమూ పాలిపోతుంది. ఎవరు తీశారని అడిగావు, బానే ఉంది. అసలు ఎవరైనా తీశారా అని అడిగావా?"

"ఇదేం పిచ్చి ప్రశ్న! కాగితానికి కాళ్లొస్తాయా?" అని కసిరి, మాస్టారు చటుక్కున ఆగాడు. నిన్న సాయంత్రం కత్తిరించే బల్ల మీద బట్టని ఎనభై పొరలుగా పరిచింది తనే. పరిచేముందు బల్ల ఖాళీగా ఉందా? ఉందనుకున్నాడు. అందరినీ అనుమానించాడు గానీ తనని తను అనుమానించుకోవాలని తట్టనే లేదు. సిగ్గేసింది.

"నాకు తెలీదు," అన్నాడు మెల్లగా. తాత కింది అంతస్తు మీట నొక్కాడు. లిఫ్టు కదిలింది.

బట్టంతా ఎత్తి చూస్తే అడుగున, మడత కూడా పడకుండా, నమూనా ఉంది. మాస్టారు ఉత్తరం చింపేశాడు. "ఇంకా ఏడుపెందుకక్కా? దొరికిందిగా!"

"దానికి కాదు మాస్టారూ," అంది కాజాల అక్క. "పొద్దున్నుంచి నా సంచి చూశారు, నా మొహం చూశారు. తీశావా అని నన్ను ఒక్కరూ అడగలేదు."