తడి కాళ్లతో ఆరాధన

ఆ వీధికి ఎగువన ఒక చర్చి, దిగువన ఒక చర్చి. ఒకప్పుడు రెండూ ఒకటే. ఆరాధనలో డ్రమ్ములు వాయించాలా వద్దా అన్న దగ్గర మాటా మాటా పెరిగి సంఘం నిలువునా చీలింది. డ్రమ్ములు కావాలన్నవాళ్లు దిగువన రేకుల షెడ్డు వేసుకున్నారు. వాళ్లకు ముందు నడిచింది, ఎగువ చర్చిలోనే ఉండిపోయిన టైలరమ్మకు సొంత బావే. ఆయన వెనకాలే అక్క. అప్పట్నుంచీ అక్కాచెల్లెళ్లు ఎదురుపడితే ఒకరు చెప్పులకేసి, ఇంకొకరు కరెంటు తీగలకేసి చూసుకుంటూ పోయేవాళ్లు.

ఆ ఆదివారం ఎగువ చర్చిలో పెద్ద పాస్టరుగారు తోటివాళ్లతో సమాధానంగా బతకడం గురించి చెబుతున్నారు. బయట ఢామ్మని చప్పుడైంది. కిటికీ పక్కనున్న టైలరమ్మ తొంగి చూసింది. వీధి మధ్యలో మంచినీళ్ల పైపు పగిలి నీళ్లు మేడంత ఎత్తున చిమ్ముతున్నాయి. ఆ నీళ్లన్నీ బిరబిరా దిగువ షెడ్డులోకే పోతున్నాయి!

షెడ్డు గుమ్మంలో అక్క కనబడింది. మోకాటిలోతు నీళ్లలో, నడవలేని ఒక ముసలమ్మను లేవదీయలేక అవస్థపడుతోంది.

"అక్కా!"

ప్రసంగం మధ్యలో అంత కేక ఎవరు పెట్టారా అని అందరూ తిరిగేసరికి టైలరమ్మ కుచ్చిళ్లు ఎగదోపుకుని వీధిలో ఉంది.

"పరుగెత్తకే, జారిపడతావ్!" దూరం నుంచే అరిచింది అక్క.

"తిట్లు తర్వాత! నువ్వా రెక్క పట్టుకో, నేనీ రెక్క పడతా."

చెరోవైపు లాగుతుంటే ముసలమ్మ, "నన్ను మోస్తున్నారా, పంచుకుంటున్నారా?" అంది. ఇద్దరికీ నవ్వాగలేదు.

టైలరమ్మ వెనక్కి చూస్తే ఎగువ చర్చి మొత్తం పరుగున వస్తోంది! ప్యాంటు మడిచి అందరికంటే ముందు పెద్ద పాస్టరుగారు. పిల్లలు భుజాలెక్కారు, కుర్చీలు నెత్తులెక్కాయి. ఎవరు ఎవరి సంఘమో చూసుకునే తీరిక ఎవరికుంది! చివరికి బావ డ్రమ్ము మోసుకొచ్చి ఎగువ చర్చి మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"ఇది బయటే పెడతాలెండి, అయ్యగారూ."

"తడిసి పాడైపోదూ? లోపలికి తీసుకురా నాయనా," అన్నారు పెద్ద పాస్టరుగారు.

లోపల కాలు పెట్టే చోటు లేదు. దిగువ చర్చి చిన్న పాస్టరుగారు "మీరు కానివ్వండి" అంటే, పెద్దాయన "అబ్బే, మీరే" అంటారు. తేలేలా లేదు.

"ముందు ప్రార్థన మొదలెట్టండయ్యా, చలికి పళ్లు టకటకలాడుతున్నాయి!" అంది ముసలమ్మ.

గొల్లున నవ్వారంతా. ఆ నవ్వులోంచే పాట లేచింది. అందరూ గొంతెత్తి పాడుతుంటే కిటికీ అద్దాలు అదిరాయి. అక్క గొంతు పక్కనే వినబడుతుంటే టైలరమ్మకు సగం పాట కన్నీళ్లలోనే పోయింది.

ఆరాధన అయ్యాక అక్క కొంగు పిండుకుంటుంటే, "ఇంటికి రా, పొడి చీర ఇస్తా," అంది టైలరమ్మ.

"నీ చీరల రంగులు నేను కట్టలేనమ్మా!"

"అయితే వణుక్కుంటూ కూర్చో!"

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "పద, పద. ఏ రంగైనా సరే."