పదో మనిషి

కారం చేతులతో కళ్ళు నలుపుకోకూడదని పద్నాలుగేళ్ళుగా తెలుసు. అయినా రోజుకొక్కసారైనా నలుపుకుంటాను. గుంటూరులో మా కారం మిల్లు ఇంటి వెనక రేకుల షెడ్డులోనే. అన్నం వార్చి, పిల్లల్ని బడికి పంపి, అత్తగారికి కాఫీ ఇచ్చి వచ్చి మిరపకాయల తొడిమలు తీయడానికి కూర్చుంటాను. మర నడిపే బుడాన్, తొడిమలు తీసే ఆడవాళ్ళు ఎనిమిది మంది, మొత్తం తొమ్మిది మంది కూలీలు. నేను కూలీని కాను. "సొంత మిల్లులో చేసేది పనెట్టా అయిద్దే, కాలక్షేపం గానీ," అంటుంది మా అత్తగారు. ఆ కాలక్షేపానికి సాయంత్రమయ్యేసరికి నా నడుం విరిగిపోతుంది.

మొన్న మా వీధి షాజాదీ వచ్చింది. ఆమె మొగుడు మాబు సాహెబ్ మిర్చి యార్డులో బస్తా మోస్తూ పడి మంచం పట్టాడు. "వెంకటేశ్వరమ్మక్కా, ఏదో ఒక పని ఇప్పించు. పొయ్యి వెలిగించి రెండ్రోజులైంది," అంది. మా కారం కొనే మద్రాసు షావుకారేమో సరుకు రెండింతలు పంపమని ఉత్తరం మీద ఉత్తరం. పని ఉంది, మనిషి ఉంది, పెట్టుకోవడానికి మాత్రం లేదు.

ఎందుకు లేదని మా ఆయన్ని అడిగాను.

"పదో మనిషొస్తే మనది ఫ్యాక్టరీ అంటారే. కరెంటు మిల్లులకి అదే రూలు. ఇక లైసెన్సులు, రిజిష్టర్లు, ఆఫీసుల చుట్టూ తిరగడం. ఆడాళ్ళకి మరుగుదొడ్డి కూడా కట్టాలంట. తొమ్మిదితో ఉంటే ఎవడూ మన జోలికి రాడు."

"మరి రెండింతల సరుకో?"

"నువ్వున్నావుగా. ఇంకో గంట ముందు లే."

మరుగుదొడ్డి అన్న మాట నా మనసులోంచి పోలేదు. మధ్యాహ్నం ఇళ్ళకు వెళ్ళేదాకా ఆ ఎనిమిది మందీ గుక్కెడు నీళ్ళు తాగరు. ఎందుకు తాగరో నేను ఏనాడూ ఆలోచించలేదు, నా ఇల్లు పక్కనే కదా. సిగ్గేసింది నాకు.

ఇవాళ ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు సంజీవరావు చెప్పాపెట్టకుండా వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, తుమ్ముకుంటూ మనుషుల్ని లెక్కపెట్టాడు. చివర నా దగ్గర ఆగి, "పది," అన్నాడు.

"ఆవిడ మా ఇంటావిడండీ," అని మా ఆయన నవ్వాడు. "పనేం చెయ్యదు. ఊరికే కూర్చుంది."

ఎనిమిది మంది చేతులూ ఆగాయి. నాకు కోపం కూడా రాలేదు, దానికీ ఓపిక కావాలిగా. జనాభా లెక్కలవాళ్ళు వచ్చిన రోజూ ఇదే మాట చెప్పాడు, "ఖాళీగానే ఉంటదండీ," అని. నేనప్పుడు లోపల పప్పు రుబ్బుతున్నాను.

"ఏమ్మా, పని చేస్తావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చేస్తానండీ. పొద్దున్నించీ చేస్తూనే ఉన్నాను. జీతం లేదంతే."

"జీతం లేకపోయినా చేస్తే లెక్కేనమ్మా," అంటూ రాసుకున్నాడు.

ఆయన వెళ్ళగానే మా ఆయన మర ఆపించాడు. "కొంప ముంచావు కదే. నోరు మూసుకుని కూర్చుంటే తొమ్మిదేగా."

నేను ఇంకో బుట్ట దగ్గరికి లాక్కున్నాను.

"ఎటూ పది అయ్యాంగా. ఇక పదకొండుకి భయమెందుకు? రేపట్నించి రమ్మని షాజాదీకి కబురు చేస్తున్నాను."