మగదో ఆడదో తెలిసేదాకా

వాగు అవతల ఎర్రపళ్ళ పొదల్లో ఎలుగు మేస్తోంది. ఇవతల గట్టున, రాళ్ళ చాటున వెర్నా బోర్లా పడుకుని దుర్భిణిలోంచి దాన్నే చూస్తోంది. ఆమె పక్కన ఆర్లిన్ తన తుపాకిని సామాను సంచి మీద ఆనించి పెట్టుకుని, పొద్దున్నించీ అడుగుతున్నదే మళ్ళీ అడిగాడు.

"మగదేగా, ఆంటీ?"

"తెలీదు."

"ఆ తల చూడు, ఎంతుందో."

"తల చూసి చెప్పగలిగితే ఈ రాళ్ళ మీద పడుకునే ఖర్మ నాకెందుకయ్యా? అయినా నాకంటే రెండేళ్ళు చిన్నవాడివి, ఆంటీ ఏంటి?"

"క్యాంపులో అందరూ అలాగే పిలుస్తున్నారుగా."

"వాళ్ళు నా చెల్లెలి పిల్లలు. నువ్వు నా చెల్లెల్ని చూశావా ఎప్పుడన్నా?"

అతను నవ్వలేదు. వచ్చిన కొత్తలో ఇలాంటి మాటలకి పగలబడి నవ్వేవాడు. ఇవాళ ఆఖరి రోజు. రేపు పొద్దున చెరువు నీళ్ళ మీద దిగే చిన్న విమానం వస్తుంది, అతన్ని ఎక్కించుకుపోతుంది. ఇన్నాళ్ళలో కంటపడ్డ ఎలుగు ఇదొక్కటే.

కెనడా ఉత్తరపు కొసన ఉన్న ఈ యూకాన్‌లో పుట్టి పెరిగినవాళ్ళయితే కాస్త రుసుము కట్టి ఎవరికి వాళ్ళు వేటకి పోవచ్చు. బయటిదేశం వాళ్ళు వెర్నా లాంటి గైడు లేకుండా గ్రిజ్లీ ఎలుగు మీద తుపాకి ఎత్తకూడదు. గైడు కావాలంటే క్యాంపు కావాలి, గుర్రాలు కావాలి, విమానం కావాలి. అవన్నీ క్యాంపు యజమాని వెండెల్ దగ్గర ఉన్నాయి. వాటి ధర కూడా అతని నోట్లోనే ఉంటుంది, ఏటేటా పెరుగుతుంది.

"మీ చెల్లెలి కొడుక్కైతే ఇది టీ ఖర్చుతో పని" అన్నాడు ఆర్లిన్. "నేను పాలబండి తోలేవాణ్ణి. ఇంటి వెనక పొలం అమ్మి వచ్చాను. మా అన్న ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు."

వెర్నా దుర్భిణి దించలేదు. ఈ రాళ్ళ మీద పడుకున్న ప్రతివాడూ ఏదో ఒకటి అమ్ముకునే వచ్చాడు. పడవ అమ్మినవాడున్నాడు, పెళ్ళాం నగలు అమ్మినవాడున్నాడు. వాళ్ళ కథలు వినీ వినీ ఆమెకి ఎలుగుల మీద కంటే మనుషుల మీద ఎక్కువ జాలి పుట్టేది. కొన్నాళ్ళకి ఆ జాలి కూడా అలసిపోయింది.

ఈ లోయలో ఎలుగుని కొట్టడానికి మిగిలిన పర్మిట్ ఒక్కటే. మగదాన్ని కొడితే ఆ ఒక్కటీ ఖర్చవుతుంది, అంతే. ఆడదాన్ని కొడితే మూడు మగవాటిని కొట్టినట్టు లెక్క. లెక్క మించిపోయి లోయలో వేట మూతపడుతుంది. క్యాంపు ఎత్తేస్తారు. లాయిడ్ అనే గైడు పైలోయలో ఒకసారి మగదేనని చెప్పి కొట్టించాడు. తోలు వలుస్తుంటే చన్నుల్లో పాలున్నాయి. దాని పిల్లలు ఏ పొదలో ఉన్నాయో వెతికినా దొరకలేదు. పైలోయ ఇప్పటికీ తెరవలేదు. లాయిడ్ ఇప్పుడు పెట్రోలు బంకులో పనిచేస్తున్నాడు, వెర్నా కనపడితే మొహం తిప్పుకుంటాడు.

తప్పు జరక్కుండా తెలుసుకోవాలంటే ఒక్కటే దారి, అది ఉచ్చ పోసేదాకా ఆగడం. ఆడదైతే వెనక్కి పడుతుంది, మగదైతే పొట్ట కింద ముందుకి పడుతుంది. ఈ మాట విని నవ్వనివాడు లేడు. చలిలో సగం రోజు ఎలుగు వెనకభాగం చూస్తూ పడుకున్నాక నవ్వేవాడూ లేడు.

ఎలుగు మేసి మేసి, ఎండ తగిలేచోట పక్కకి ఒరిగి పడుకుంది.

"చూశావా?" అన్నాడు ఆర్లిన్. "దానిక్కూడా మనమంటే లెక్కలేదు."

వెర్నా మూట విప్పి రొట్టె, ఎండబెట్టిన మూస్ దుప్పి మాంసం తీసింది. ఇద్దరూ చప్పుడు కాకుండా నమిలారు. ఆమె మోకాళ్ళు రాళ్ళ చలికి బిగుసుకుపోయాయి. మగదే అయ్యుంటుందని లోపల అనిపిస్తూనే ఉంది. వెడల్పాటి నుదురు, బరువైన భుజాలు, వెంట పిల్లలు లేవు. ఒక్క మాట అనేస్తే అయిపోతుంది. అతను కొడతాడు, వెండెల్ సంతోషిస్తాడు, తను డేరాలో పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుంటుంది. లాయిడ్‌కీ లోపల ఇలాగే అనిపించి ఉంటుంది.

పొద్దు కొండ వెనక్కి జారుతుండగా ఎలుగు లేచింది. ఒళ్ళు విదిలించుకుని అడవి వైపు నాలుగడుగులు వేసింది. ఇంకాస్త పోతే చెట్లలో కలిసిపోతుంది.

ఆర్లిన్ తుపాకి భుజానికి ఆనించాడు. "చెప్పు ఆంటీ. మగదని చెప్పు."

"తెలీదని చెప్తున్నాగా."

"నేను కాగితం రాసిస్తాను, తప్పు నాదేనని."

"నీ కాగితం ఇక్కడెవరూ చదవరు. నేను కొట్టమంటేనే కొట్టాలి."

"డబ్బు నాది, తుపాకి నాది. కొట్టేస్తున్నా."

అతని వేలు ట్రిగ్గరు మీదకి వెళ్ళడం చూసింది. ఇంకేమీ ఆలోచించకుండా వెర్నా లేచి నిలబడింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. చేతులు రెండూ పైకెత్తి ఊపింది. ఎలుగు తల తిప్పి చూసి, ఒక్క ఊపులో వెనకున్న కొండ గట్టెక్కి పరుగు తీసింది. ఆర్లిన్ తుపాకి దించాడు.

చాలా పైన, గుండు అందనంత దూరంలో, ఎలుగు ఆగింది. వెర్నా కూలబడి దుర్భిణికి కన్ను ఆనించింది. అది కాళ్ళు ఎడం చేసి నిలబడి, పొద్దున్నించీ వాళ్ళు ఎదురుచూసిన పని అప్పుడు చేసింది. ముందుకే పడింది.

"ఏం చేస్తోంది?" అన్నాడు ఆర్లిన్. ఉత్త కళ్ళకి అది ఒక మచ్చలా ఉంది అతనికి.

కనపడలేదని చెప్పొచ్చు. ఆడదని చెబితే ఇంకా మంచిది, దండం పెట్టి మరీ వెళ్తాడు. వెర్నా దుర్భిణి అతని వైపు జరిపింది.

"మగదే" అంది.

అతను చాలాసేపు చూశాడు. ఎలుగు వెళ్ళిపోయాక ఖాళీ గట్టుని కూడా చూశాడు.

"నన్ను నాశనం చేశావు."

"అవును."

"వెండెల్‌కి ఏం చెప్తావ్?"

"జరిగిందే చెప్తా. తెలియక లేచాను, లేచాక తెలిసింది."

"పనిలోంచి తీసేస్తాడు."

"తీసేస్తే తీసేస్తాడు. లోయ తెరిచే ఉంటుందిగా. నేను కాకపోతే ఇంకొకతె వచ్చి ఈ రాళ్ళ మీద పడుకుంటుంది."

ఆమె సామాను సర్దింది. అతను కదల్లేదు. కాసేపు చూసి, చీకటి పడకముందే వాగు దాటాలని చెప్పి, ఆమె ముందు దిగడం మొదలుపెట్టింది.