అవతలి కొస

సర్వే ఆఫీసులో ముప్పై రెండేళ్లు కొలత గొలుసు లాగిన మద్దిలేటికి తన భార్య సమాధి దొరకలేదంటే ఎవరైనా నవ్విపోతారు. అందుకే ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవాలన్నా ఇంట్లో ఎవరున్నారు గనక?

కరియమ్మ పోయిన ఏడు అతను కంప్లి వైపు క్యాంపులో ఉన్నాడు. కబురంది సొంతూరు సిరిగేరికి వచ్చేసరికి మట్టి కప్పేసి ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. గుట్ట కింద పచ్చి మట్టికుప్ప ఒక్కటే మిగిలింది. నాలుగు వానలు పడితే అదీ చదునైపోతుంది. ఏడవడం చేతకాక, మద్దిలేటి తనకు చేతనైన పని చేశాడు. గుట్ట మీది సర్వే రాయి దగ్గర దిక్సూచి పెట్టి చూశాడు: నూట నలభై డిగ్రీలు. రాయి నుంచి ఏటవాలు వెంబడి గొలుసు పరిచాడు: సరిగ్గా యాభై అడుగులు. కొలతల్లో గుర్తుకు గుచ్చే, పైన రింగున్న ఇనుప పుల్ల ఒకటి ఆమె తలవైపు, రింగు దాకా దిగగొట్టాడు. పది పుల్లల కట్టలో తొమ్మిదే ఉన్నాయేమని తర్వాత సర్వేయరు పెట్టిన చీవాట్లు పడ్డాడు.

అది జరిగి పన్నెండేళ్లు. మొదట్లో ఏటా వచ్చి ఏటవాలు మీదే కొలుచుకునేవాడు, రింగు కాలికి తగిలేది. ఆరేళ్ల కిందట కాలువ గట్టుకని ఆ ఏటవాలంతా తవ్వి మొరం పట్టుకెళ్లారు. రాయి నిట్టనిలువు గోడ అంచున మిగిలింది. కింది నేల అలాగే ఉంది గానీ దాని మీద తవ్వకాల మట్టి పరుచుకుంది. అప్పట్నుంచీ గోడ మొదట్లో మొదలుపెట్టి, అదే దిక్కున యాభై అడుగులు కొలిచి, అక్కడ పూలు పెట్టి, కాసేపు మాట్లాడి వెళ్లేవాడు.

ఇప్పుడు గుట్ట కింది ఆ నేలను చేను చేసుకోవాలని కోదండరామి కొన్నాడు. మంచివాడే.

“రేపు ట్రాక్టరు వస్తాండాది, మద్దిలేటప్పా. మడి కట్టల్ల. మీ ఆమె ఉండే తావు చూపిచ్చు, ఇడిసిపెడతా. పక్కన నీకూ ఇంత తావు ఇడుస్తా. యాడుండాదో నీకే తెలీకుంటే నేనేం చేసేది?”

మద్దిలేటి పొద్దున్నుంచి యాభై అడుగుల దగ్గర గడ్డపార దించుతూనే ఉన్నాడు. ఇనుము తగలలేదు. ఏ దొంగవెధవ పీక్కుపోయాడోనని లోకాన్నంతా తిట్టాడు. దిక్సూచి మళ్లీ పెట్టి చూశాడు. నూట నలభైకి వెంట్రుకవాసి తేడా లేదు.

గోడ నీడలో కూలబడి తల పైకెత్తాడు. రాయి ఎంతో ఎత్తున ఉంది. ఉన్నట్టుండి పాత సర్వేయరు కేక గుర్తొచ్చింది: “గొలుసు నేలమీద పరచొద్దురా, మట్టంగా పట్టు! ఏటవాలు కొలిస్తే అది దూరం కాదు!” వేలసార్లు విన్న మాట. ఆమె సమాధి దగ్గర తప్ప ఎక్కడా తప్పని మాట.

లేచి గుట్టెక్కాడు. పదేసి అడుగులకు ముడి వేసిన తాడుకు బరువు కట్టి అంచు నుంచి వదిలాడు. మూడు ముళ్లు. ముప్పై అడుగులు.

నిలువు ముప్పై, ఏటవాలు యాభై. ఇక లెక్కెందుకు? చేల మూలలు సరిగ్గా లంబంగా తీయడానికి బతుకంతా నేలమీద పరిచిన త్రిభుజమే అది, మూడు నాలుగు ఐదు. ఇక్కడ గోడకానుకుని నిలబడింది, అంతే. నేలమీద దూరం నలభై.

అంటే ఆరేళ్లుగా పూలన్నీ పది అడుగుల అవతల, ఎవరూ లేని మట్టికి పెట్టాడు. ఆమె బతికున్నన్నాళ్లూ క్యాంపులంటూ దూరంగా ఉన్నాడు, పోయాక కూడా దూరంగానే కూర్చున్నాడు.

కొలవాలంటే తాడు అవతలి కొస పట్టుకునే మనిషి కావాలి. లేరు. కొసను గోడ మొదట్లో మేకుకు బిగించి, ఒక్కడే సాగదీసుకుంటూ వెళ్లాడు. నాలుగో ముడి దగ్గర గడ్డపార దించాడు. జానెడు లోతున ఖణేల్మంది.

చేతులతో మట్టి తీశాడు. తుప్పు పట్టిన రింగు కనిపించింది.

“ఈడుండావా, కరియా,” అన్నాడు. “ఇన్నేండ్లూ నేను ఆడ కూసోని మాట్లాడితి గదే. ఇనపడిందా?”

సాయంత్రం కోదండరామి వచ్చేసరికి ఆమె తావుకు నాలుగు మూలలా మేకులు కొట్టేసి, పక్కన తన తావు కొలుచుకుంటున్నాడు.

“ఒక్కనివే ఎట్ల కొలుస్తావప్పా? ఆ కొస నేను పట్టుకుంటా, ఉండు.”

“వద్దప్పా,” అన్నాడు మద్దిలేటి. తాడు అవతలి కొస తుప్పు రింగుకు కట్టి ఉంది. “మా ఆమె పట్టుకోనుండాది.”